బియాసీ ఆపిన ఏడాది

వ్యవసాయం చెప్పే పంతులికి సొంత పొలం ఉండాలన్న నిబంధన ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. పెట్టి ఉంటే నాకు ఆ ఉద్యోగం వచ్చేది కాదు. తాతల నాటి నుంచి మాకున్న భూమి అంతా కలిపితే మా అమ్మ తులసికోటలో పోసిన మట్టి. నాన్న రైలింజను డ్రైవరు. బొబ్బిలి వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి రాయపూర్ రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదొకటి. నేను పుట్టిందీ పెరిగిందీ బొగ్గుపొగలో. వరి మొక్కను మొదటిసారి దగ్గరగా చూసింది బి.ఎస్సీ. చదివేటప్పుడు, అదీ సన్నగా కోసి గాజు పలక మీద పెట్టిన ముక్కగా.

ఈ మధ్య బడి ఉద్యోగాల్లో కొత్తగా చేరిన కుర్రవాళ్లు కొందరు వచ్చి, మీ కాలంలో వ్యవసాయం కూడా ఒక సబ్జెక్టుగా చెప్పేవారట, ఆ సంగతులు రాయండి అని అడిగారు. రాస్తాను. గొప్పలు వినాలనుకునేవాళ్లు మాత్రం ఇక్కడితో పుస్తకం మూసేయవచ్చు. ఇది నేను బి.ఎస్సీ. మీద పైడిగ్రీ సంపాదించిన కథ, ఆ దారిలో ఒక మనిషిని పోగొట్టుకున్న కథ కూడా.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త రోజులవి. మాకింకా నాగపూరే రాజధాని. పిల్లలకు చేతిపని నేర్పాలని ఊపు మీదున్న ప్రభుత్వం మా బడికి వ్యవసాయం మంజూరు చేసింది. బడి వెనక రెండెకరాల ఎర్ర మొరం నేల ఉండేది. ఎవరు చెబుతారు అంటే పంతుళ్లందరూ కిటికీలోంచి బయటికి చూశారు. బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం ఉన్న పాపానికి హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు.

ఆ సంగతి ఇంట్లో చెబితే అమ్మ బియ్యం ఏరడం ఆపి నా మొహంలోకి చూసింది. "ఏటిరా, మనకి గుప్పెడు మన్ను నేదు గదా. నువ్వు పిల్లలకి దున్నడం సెప్తావా? మీ నాయినకి తెలిస్తే ఇంజినాపి నవ్వుతాడు" అంది. నాన్న ఇంజినాపలేదు గానీ నవ్వు మాత్రం వారం రోజులు ఆపలేదు.

నన్ను కాపాడినవాడు గురూజీ. ఛత్తీస్‌గఢ్‌లో బడిపంతుళ్లందరినీ గురూజీ అనే పిలుస్తారు, కానీ మా బడిలో ఆ మాటంటే ఆయనొక్కడే. తిల్దా దగ్గరి పల్లెటూరి రైతు కుటుంబం ఆయనది. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. మిడిల్ స్కూలు చదివి పంతులు శిక్షణ పాసైన మనిషి, ఇంగ్లీషు రాదు. క్లాసులో పుస్తకం నాది, చేలో పని ఆయనది. నేను నల్లబల్ల మీద వేళ్ల రకాలు గీసి వస్తే, ఆయన పిల్లల్ని గట్టు మీదికి తీసుకుపోయి ఒక మొక్క పెకలించి చూపించేవాడు. నా బొమ్మ మర్చిపోయిన పిల్లలు ఆ మొక్కను మర్చిపోయేవారు కాదు. దానికి నాకు మొదట్లో కడుపుమంటగా ఉండేది. ఆర్నెల్లు గడిచేసరికి నేను కూడా పిల్లల వెనక నిలబడి వినడం మొదలుపెట్టాను.

నాగలి పట్టడం ఆయనే నేర్పాడు. మొదటి రోజు నేను వేసిన చాలు చూసి, "బాబూ, రైలు పట్టాలమీద పెరిగినవాడివి, తిన్నగా దున్నుతావనుకున్నాను" అన్నాడు. మధ్యాహ్నం ఇద్దరం గట్టు మీద కూర్చుని తినేవాళ్లం. ఆయన డబ్బాలో రాత్రి నీళ్లలో నానేసిన అన్నం, బాసీ అంటారు, ఉల్లిపాయ. నా డబ్బాలో అమ్మ పెట్టిన పులిహోరో గోంగూరో. గోంగూర అంటే ఆయనకు ప్రాణం. ఇంట్లోంచి వచ్చేటప్పుడే ఆయన భాగం వేరే కట్టించుకుని వచ్చేవాణ్ణి. ఉద్యోగ జీవితంలో ఎన్నో కుర్చీల్లో కూర్చున్నాను. ఆ గట్టు మీద కూర్చున్నంత సుఖంగా ఎక్కడా కూర్చోలేదు. ఈ వయసులో అబద్ధమాడి నాకు ఒరిగేదేమీ లేదు.

మూడో ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. హైస్కూలు తరగతుల్లో వ్యవసాయం ఉండాలంటే, చెప్పే పంతులికి వ్యవసాయ బోధనలో పైడిగ్రీ ఉండాలి. రెండేళ్లు గడువు. లేకపోతే ఆ బడిలో సబ్జెక్టు మూసేస్తారు. మూసేస్తే నాకు పెద్దగా పోయేదేమీ లేదు, సైన్సు చెప్పుకుంటాను. గురూజీని మాత్రం ఏదో ఒక పల్లెలో ఒంటి పంతులు బడికి పంపేస్తారు. ఆయనకు ఆ రెండెకరాల మీద ఎంత ప్రేమో నాకు తెలుసు. వాళ్ల సొంత పొలం అన్నదమ్ముల పంపకాల్లో చెక్కలైపోయి, ఆయన వాటాకు వచ్చింది నామమాత్రం. దున్నుకోవడానికి ఆయనకు మిగిలింది మా బడి చేనే.

"నువ్వు వెళ్లి చదువుకురా బాబూ. చేను నేను చూసుకుంటాను. నువ్వు డిగ్రీ తెస్తే ఇద్దరం ఇక్కడే ఉంటాం" అన్నాడు. నేను మాటిచ్చాను.

మొదటి ఏడాది నాగపూరులో గడిచింది. రెండో ఏడాది తిరిగి మా బడికే వచ్చి, మా చేలోనే ఒక వానకాలం ప్రయోగం చేసి థీసిస్ రాయాలి. వానకాలం మధ్యలో పరీక్షాధికారి వచ్చి చేను చూస్తాడు, అక్కడే పిల్లలకు ఒక పాఠం చెప్పించి మార్కులు వేస్తాడు. డిగ్రీ మొత్తం ఆ ఒక్క రోజు మీద ఆధారపడి ఉండేది.

నా ప్రయోగం వరి మీద. చేను నాలుగు మడులు చేశాం. రెండింట్లో మన ఆంధ్రలోలాగా నారు పోసి ఊడ్చాం. రెండింట్లో ఛత్తీస్‌గఢ్ పద్ధతి. అక్కడ రైతు తొలకరికి విత్తనం వెదజల్లేస్తాడు. వరీ కలుపూ కలిసి లేస్తాయి. నెల దాటాక, మడిలో జానెడు నీళ్లు నిలిచిన రోజు చూసి, పెరుగుతున్న పైరులోనే నాగలి పెట్టి దున్నేస్తాడు. దాన్ని బియాసీ అంటారు. మొదటిసారి చూసినవాడికి గుండె ఆగిపోతుంది. పచ్చటి పైరు బురదలో పడి, సగం వేళ్లు పైకి తేలి, ఎవరో పగబట్టి పాడుచేసినట్టు ఉంటుంది. కలుపు బురదలో కుళ్లుతుంది, వత్తుగా ఉన్న చోట మొక్కలు తీసి ఖాళీల్లో గుచ్చుతారు. పది పన్నెండు రోజులకు వరి ఒక్కటే లేచి నిలబడి, దుబ్బు కడుతుంది. ఆ పది పన్నెండు రోజులూ మాత్రం చేను చూడబుద్ధి కాదు.

పరీక్షాధికారి తారీకు శ్రావణంలో పడింది. అదీ ఎప్పుడు, సరిగ్గా బియాసీ అయిన మూడో రోజున పడేట్టు. మడుల్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. గురూజీ నాగలి సిద్ధం చేసుకుని పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇప్పుడు వద్దు గురూజీ. ఆయన చూసి వెళ్లాక చేద్దాం" అన్నాను.

"ఎందుకు?"

"ఆయన ఊరు మనవైపు కాదు. ఊడ్పు తప్ప మరోటి ఎరగడు. పాడుపడ్డ మడి చూస్తే నా పని అయినట్టే."

"పాఠం చెప్పేది నువ్వే గదా. ఇదే పాఠం చెప్పు. ఎందుకు పాడైందో, ఎట్లా లేస్తుందో చెప్పు."

ఎంత తేలికైన మాట. నాకది తట్టలేదు, ఆయనకు తట్టిన మాట వినబుద్ధి కాలేదు. నాగపూరు హాస్టల్లో ఏడాది ఉండి వచ్చినవాణ్ణి కదా, థీసిస్‌లో పెట్టే ఫొటోలో చేను ఎలా కనిపిస్తుందో అన్న ధ్యాస పట్టుకుంది. నాలుగు మడులూ పచ్చగా, తీర్చి దిద్దినట్టు ఉండాలి. "నాలుగు రోజులే కదా" అన్నాను.

ఆయన వంగి మడిలో చెయ్యి పెట్టి నీళ్లు కొలిచాడు. "పానీ నఈ రుకయ్ బాబూ" అన్నాడు. నీళ్లు ఆగవు బాబూ అని. గట్టు మీద ముప్పైమంది పిల్లలు ఆ మాట విన్నారు.

"ప్రయోగం నాది గురూజీ" అన్నాను.

ఆయన ఎడ్లను విప్పేశాడు.

తారీకుకు ముందు రోజు తంతి వచ్చింది. పరీక్షాధికారికి ఒంట్లో బాగాలేదు, పదిహేను రోజుల తర్వాత వస్తారు. ఆ తంతి పట్టుకుని నేను చేలోకి పరిగెత్తాను. వాన నిలిచి అప్పటికే రెండు రోజులైంది. ఎర్ర మొరం నేల నీటిని పట్టుకోదు. మడిలో నీళ్లు బొటనవేలి గోరు మునిగేటంత ఉన్నాయి. మర్నాటికి అవీ లేవు. నీళ్లు లేకుండా బియాసీ చేస్తే మొక్క చస్తుంది. వాన కోసం చూశాం. హరేలీ పండగ వచ్చింది, రైతులందరూ నాగళ్లు కడిగి పూజ చేసుకున్నారు. ఊరందరి బియాసీలూ అయిపోయాయి, మాది తప్ప. వాన మాత్రం రాలేదు.

పదిహేను రోజుల్లో, వెదజల్లిన రెండు మడుల్నీ కలుపు కమ్మేసింది. వరిలాగే ఉండే అడవి వరి ఒకటి ఉంటుంది, కర్గా అంటారు. అది నడుము దాకా లేచి ఈనడానికి సిద్ధంగా ఉంది. అసలు వరి దాని కింద పసుపు పచ్చగా నక్కి ఉంది. గురూజీ రోజూ పొద్దున్నే వచ్చి చేత్తో పీకేవాడు. నేనూ పీకేవాణ్ణి. రెండు చేతులతో పీకితే పోయే కలుపు కాదది. ఆ పదిహేను రోజుల్లో, నేను చెప్పలేదా అన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోటి వెంట రాలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పరీక్షాధికారి వచ్చాడు. పొట్టిగా, నల్ల గొడుగుతో, కోపం లేని మనిషి. ఊడ్చిన మడుల దగ్గర నేను చెప్పిన పాఠం విని తల ఊపాడు. తర్వాత వెదజల్లిన మడుల దగ్గరికి నడిచి నిలబడ్డాడు.

"ఇక్కడ ఈ పద్ధతిలో మధ్యలో దున్నుతారట కదా. ఎందుకు దున్నలేదు?" అని అడిగాడు. నేనేమో ఆయనకు ఊడ్పు తప్ప మరోటి తెలియదనుకున్నాను.

ఆయన వెనక హెడ్మాస్టరు గారు. పక్కన గురూజీ. గట్టు మీద ముప్పైమంది పిల్లలు, నిజం తెలిసినవాళ్లు. నేనే ఆపించాను, చేను అందంగా కనపడాలని ఆపించాను అని చెప్పాలి. చెబితే ప్రయోగాన్ని చేజేతులా చెడగొట్టుకున్నవాడినవుతాను. థీసిస్ పోతుంది, డిగ్రీ పోతుంది, గడువు దాటుతుంది, సబ్జెక్టు పోతుంది.

"నా పొరపాటు సాహెబ్" అన్నాడు గురూజీ. "హరేలీకి ఊరెళ్లాను. వచ్చేసరికి నీళ్లు లేవు. బాబు నన్ను చెయ్యమనే చెప్పాడు."

పరీక్షాధికారి నా వైపు తిరిగాడు. "అంతేనా?"

"జీ" అన్నాను, అవునని.

ఒక్క అక్షరం. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బడుల చుట్టూ తిరిగి పిల్లలకు నిజం చెప్పమని బోధించిందీ ఆ నోటితోనే. పిల్లల్లో ఎవరో కదిలారు. గురూజీ వాళ్ల వైపు ఒక్క చూపు చూశాడు, అంతే, అందరూ తలలు వంచేసుకున్నారు. ఆయన నేర్పిన క్రమశిక్షణ అలాంటిది.

సాయంత్రం గట్టు మీద అడిగాను, ఎందుకలా అన్నారని.

"పంట పోయింది. సబ్జెక్టు కూడా పోవాలా? నాలుగు తిట్లు తిడతారు నన్ను. పడతాను" అన్నాడు.

నాలుగు తిట్లతో పోతుందని ఇద్దరం నమ్మాం. అక్కడే పొరబడ్డాం. పరీక్షాధికారి తిట్టే రకం కాదు, రాసే రకం. చేను పని బాధ్యతలేని వ్యక్తి చేతిలో ఉందనీ, వ్యవసాయంలో శిక్షణ పొందిన మనిషిని వెయ్యాలనీ రాశాడు. దీపావళి దాటగానే గురూజీకి బదిలీ ఉత్తర్వు వచ్చింది. తిల్దా స్టేషన్లో దిగి నాలుగు మైళ్లు నడిచి చేరాల్సిన పల్లె, ఒంటి పంతులు బడి. దాని చుట్టూ అడుగు నేల లేదు.

నేను హెడ్మాస్టరు గారి గదికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు. చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "కాగితం మీద రాసివ్వు, పంపుతాను. నీ ఫలితం మాత్రం ఆపేస్తారు, అది ముందే తెలుసుకో" అన్నారు. ఫలితాలు రానీ, రాగానే రాస్తాను అనుకున్నాను. ఫలితాలు వచ్చాయి, ఫస్టు క్లాసు. ఉద్యోగం ఖాయమయ్యాక రాద్దామనుకున్నాను. ఖాయమైంది. అమ్మ కాలనీలో తెలుగువాళ్లందరికీ బూరెలు పంచింది. "నీతో తినీవోడు, ఆ గోంగూర పంతులు, ఈ మజ్జ అవుపడ్డం నేదేటి?" అని అడిగింది. సెలవులో ఉన్నాడని చెప్పాను. రెండో అబద్ధం మొదటిదానికంటే సులువు.

మరుసటి శ్రావణానికి వ్యవసాయ బోధనలో పైడిగ్రీ ఉన్న పంతుల్ని, గట్టు మీద ఒక్కణ్ణే నిలబడ్డాను. గురూజీ చోట ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. మడిలో నీళ్లున్నాయి. ఈ రోజు దున్నాలా, ఇంకో రెండు రోజులు ఆగాలా, నాకు తెలియలేదు. పిల్లలు నా మొహం చూస్తున్నారు. అప్పుడు పాసింజరెక్కి తిల్దాలో దిగి, ఆయన పల్లెకు నడిచాను.

వెళ్లింది క్షమాపణ అడగడానికి. వాకిట్లోకి వచ్చిన మనిషిని చూడగానే నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట. "గురూజీ, నీళ్లు జానెడున్నాయి, పైరు మోకాలెత్తుంది. బియాసీ ఎప్పుడు చెయ్యమంటారు?"

ఆయన కడిగిన చెయ్యి తుడుచుకుంటూ ఆలోచించాడు. నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, మబ్బు ఏ వైపు ఉంది, ఎడ్లు అవేనా అని ఒకటొకటే అడిగాడు. "ఎల్లుండి పొద్దున. ఆ మూల మడి ఆఖర్న దున్ను, అక్కడ నీళ్లు నిలుస్తాయి" అన్నాడు. గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టి వచ్చేశాను.

అలా మూడేళ్లు, ప్రతి శ్రావణంలో వెళ్లాను. మూడో ఏటికి బియాసీ ఎప్పుడు చెయ్యాలో నాకు బాగానే తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా అడిగేవాణ్ణి, ఆయన చెప్పేవాడు. ఆ మూడోసారి జేబులో ఉత్తరం కూడా పెట్టుకుని వెళ్లాను, జరిగిందంతా ఒప్పుకుంటూ పైవాళ్లకు రాసిన ఉత్తరం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని హిందీలో చదివి వినిపించాను.

"ఇప్పుడిది పంపితే ఏమవుతుంది?" అన్నాడు.

"మిమ్మల్ని వెనక్కి తెస్తారేమో."

"నిన్ను తీసేస్తారు. సబ్జెక్టు మూసేస్తారు. ఆ చేలో నేనేం చెయ్యను, ఒక్కణ్ణీ?" ఉత్తరం మడిచి నా జేబులో పెట్టాడు. ఎప్పుడూ లేనిది ఆ రోజు స్టేషను దాకా నాతో నడిచి వచ్చాడు. బండి కోసం చూస్తూ బెంచీ మీద కూర్చున్నప్పుడు, నా వైపు చూడకుండానే అన్నాడు. "ఈ బడి దగ్గర నాకు మట్టి లేదు బాబూ. నువ్వొచ్చి నీళ్లెంత ఉన్నాయో చెబుతావు చూడు, ఆ కాసేపూ నేను మన చేలో ఉన్నట్టుంటుంది. శ్రావణం వస్తే నీ కోసం చూస్తాను."

ఆ మాటకు నాకు కన్నీళ్లొచ్చాయి. బండి వచ్చిందని లేచిపోయాను.

మరుసటి ఎండాకాలంలోనే నా డిగ్రీ నన్ను పట్టుకుపోయింది. వ్యవసాయ బోధనలో అంత పెద్ద చదువు చదివినవాణ్ణి బడిలో ఉంచడం వృథా అని పైవాళ్లకు తోచింది. నాగపూరు ఆఫీసులో బల్ల ఇచ్చారు, సిలబస్ తయారుచేయమని. వ్యవసాయం చెప్పడానికి తెచ్చుకున్న డిగ్రీ వల్ల ఆ తర్వాత నేను ఒక్క పిల్లవాడికి కూడా వ్యవసాయం చెప్పలేదు. నేను వెళ్లిన ఏడాదే మా బడిలో సబ్జెక్టు మూతపడింది. గురూజీకి ఉత్తరం రాయాలనుకున్నాను. చేను పోయిందని ఎలా రాయడం, మంచి మాట ఏదైనా దొరికాక రాద్దామని ఆగాను. ఒక శ్రావణం పోయింది. ఇంకోటి పోయింది.

మూడో శ్రావణంలో సెలవు దొరికింది. తిల్దాలో దిగాను. టిక్కెట్టు కౌంటర్లో ఉన్న గుమాస్తా మా కాలనీ తెలుగువాడే, నాన్నను ఎరిగినవాడు. నన్ను చూసి బయటికి వచ్చాడు.

"ఇన్నాళ్లేటైపోయారు బాబూ? ఆ గురూజీ పోయినేడూ, అంతకు ముందేడూ మీకోసం వొచ్చీవోరు. శ్రావణం వొచ్చిందంటే వారం రోజులు రోజూ పాసింజర్ టైముకి వొచ్చి, ఇదిగో ఈ బెంచీ మీద కూకునీవోరు. మా బాబు దిగలేదా అని అడిగి ఎల్లిపోయీవోరు."

"ఈ యేడు?" అన్నాను.

గుమాస్తా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "చలికాలంలో పోయారు బాబూ. మీకు కబురు రాలేదేటి?" అన్నాడు.

నేను దిగిన బండి అప్పటికే కదిలిపోయింది. తిరుగు బండి సాయంత్రానికి గానీ లేదు. చుట్టూ చేలల్లో నీళ్లు నిండుగా ఉన్నాయి, రైలుకట్ట పక్క మడిలో ఎవరో బియాసీ దున్నుతున్నారు. నీళ్లు జానెడు ఉంటాయి, పైరు మోకాలు దాటింది. సరైన రోజే చూసి మొదలుపెట్టాడు ఆ రైతు. ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేక, సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.